ఆధారాన్ని ఎక్కడ విరవాలి? గడినుడి పూరణలో సాయం సంగతి

దినపత్రికలో రోజూ వచ్చే గళ్ళ పజిల్‌ను, అంటే గడినుడిని, పూరించడానికి కూర్చున్నవారు ఎక్కడో ఒకచోట ఆగిపోవడం సహజం. ఆగిపోగానే చాలామంది పక్కనున్నవారిని అడిగేది ఒకటే మాట: "ఏడు అడ్డం ఏమిటి?" ఆ ప్రశ్నకు జవాబు దొరికితే గడులు నిండుతాయి, పజిల్ ముందుకు సాగుతుంది. కానీ తాము ఎందుకు ఆగిపోయారో తెలియకుండానే ఉండిపోతుంది కాబట్టి, మర్నాడు అదే తరహా ఆధారం, అంటే పదాన్ని కనిపెట్టడానికి ఇచ్చే సూచన, ఎదురైతే మళ్ళీ అక్కడే ఆగవలసి వస్తుంది. సాయం తీసుకోవడంలో తప్పేమీ లేదు. ఈ ఆట పుట్టినప్పటి నుంచీ ఇంటిల్లిపాదీ కలిసి పూరించడం, నిఘంటువు తిరగేయడం, తెలిసినవారిని అడగడం దానిలో భాగంగానే ఉన్నాయి. అయితే జవాబును అడగడం సాయాలన్నిటిలోకీ తక్కువ ఉపయోగపడేదని నేను గట్టిగా నమ్ముతాను. అంతకన్నా మేలైన సాయం ఏదో తెలియాలంటే, ముందు ఆ ఆగిపోవడం ఏ రకమైనదో గుర్తుపట్టాలి.

పదం మనకు బాగా తెలిసినదే అయినా ఆధారం ఏం చెబుతోందో అంతుపట్టక ఆగిపోవచ్చు. ఆధారం స్పష్టంగానే అర్థమైనా అందులో అడిగిన ఊరో, పురాణపాత్రో, పాతమాటో మనకు తెలియకపోవచ్చు. పదమూ తెలిసి, ఆధారమూ అర్థమై, తీరా రాయబోతే గడుల లెక్క కుదరకపోవచ్చు. ఇవేవీ కాక, అంతకుముందు పూరించిన నిలువు పదంలో దొర్లిన తప్పు ఈ అడ్డం పదాన్ని అసాధ్యం చేసి ఉండవచ్చు. ఈ నాలుగింటిలో మొదటిదానికి నిఘంటువు పనికిరాదు, రెండోదానికి ఎంత ఆలోచించినా లాభం లేదు, మూడోదానికి వ్యాకరణం తెలిసినవారు కావాలి, నాలుగోదానికి రబ్బరు కావాలి. "జవాబేమిటి" అన్న ప్రశ్న ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టేస్తుంది.

ఆధారాలలో స్థూలంగా రెండు తరహాలున్నాయి. మొదటిది సూటి ఆధారం. "గోదావరి పుట్టినచోటు (3)" అంటే నాసిక్ దగ్గరి త్ర్యంబకం అని రాయడమే. కుండలీకరణాల్లోని అంకె గడుల సంఖ్యను, అంటే అక్షరాల సంఖ్యను చెబుతుంది. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ అచ్చువేయించిన తొలి పజిల్‌లోని ఆధారాలు ఈ తరహావే. పజిల్ ఇంగ్లండ్ చేరాక 1920ల్లో అక్కడి కూర్పరులు, అంటే పజిళ్ళను తయారుచేసేవారు, ఆధారాన్ని మెలిపెట్టడం మొదలుపెట్టారు. పైకి ఒక అర్థం స్ఫురిస్తూ, లోపల పదాన్ని కట్టే పద్ధతిని దాచుకొన్న గూఢ ఆధారం అలా స్థిరపడింది. లండన్ టైమ్స్ 1930లో తన పజిల్‌ను ప్రారంభించింది. మన దేశంలో ది హిందూ పత్రిక 1971లో ఈ సంప్రదాయాన్ని అందుకొంది. మొదట విదేశీ పజిళ్ళతో నడిచిన ఆ శీర్షికకు తొలి భారతీయ కూర్పరి అడ్మిరల్ రాందాస్ కటారి. 1958లో నౌకాదళ ప్రధానాధికారి పదవి చేపట్టిన తొలి భారతీయుడు కూడా ఆయనే. తెలుగులో శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక పేరుతోను, ఆరుద్ర గళ్ళ నుడికట్టు పేరుతోను కూర్చిన పజిళ్ళు గూఢ ఆధారానికి మన నుడికారాన్ని అమర్చాయి. శ్లేషను, పదాల విరుపును ఇష్టపడే కవులు ఈ పనికి పూనుకోవడం వల్లనే తెలుగు గడినుడికి తనదైన రుచి వచ్చిందని చెప్పవచ్చు.

గూఢ ఆధారాన్ని పూరించడం రాకపోవడానికి సాధారణంగా ఒకటే కారణం ఉంటుంది. మనం దాన్ని వాక్యంగా చదువుతాం. కూర్పరి కోరుకొనేది కూడా అదే. నిజానికి ఆ వాక్యంలో రెండు ముక్కలుంటాయి. ఒక ముక్క జవాబుకు అర్థం చెబుతుంది, రెండో ముక్క ఆ జవాబును అక్షరాలతో ఎలా కట్టాలో చెబుతుంది. ఈ రెండూ కలిసే చోట ఆధారాన్ని విరవగలిగితే పని దాదాపు పూర్తయినట్టే. ఆంగ్ల పజిళ్ళలో అర్థం చెప్పే ముక్క ఆధారానికి మొదట్లోనో చివర్లోనో ఉండాలన్న కట్టుబాటు ఉంది. తెలుగు కూర్పరులు దీన్ని అంత కచ్చితంగా పాటించకపోయినా, విశేషణాలు ముందు వచ్చి అసలు మాట చివర నిలిచే మన వాక్యనిర్మాణం వల్ల అర్థం ఎక్కువసార్లు చివరనే దొరుకుతుంది.

ఇది దగ్గరగా చూస్తేనే బోధపడుతుంది కాబట్టి ఒక పజిల్ మూలలోని నాలుగు ఆధారాలు తీసుకొందాం. వీటిని ఈ వ్యాసం కోసమే కూర్చాను.

1 అడ్డం: తోక తెగిన పూదేనెలో మొసలి (3)
2 నిలువు: స్వప్నం వెంట లేఖిని వస్తే గోల (4)
3 అడ్డం: చేతికి పన్ను (2)
4 అడ్డం: నీరు కాని నీరు (2)

ఒకటో అడ్డం పదంలోని రెండో గడి నుంచి రెండో నిలువు పదం కిందికి దిగుతుంది. ఆ నిలువు పదం మూడో గడి దగ్గర మూడో అడ్డం పదం మొదలవుతుంది. దాని నాలుగో గడి నాలుగో అడ్డం పదానికి చివరి గడి.

అన్నిటికన్నా చిన్నదైన మూడో అడ్డంతో మొదలుపెడదాం. "చేతికి పన్ను" అనగానే చేతికి పన్నెలా మొలుస్తుందన్న అసంబద్ధమైన బొమ్మ కళ్ళముందు నిలుస్తుంది, ఆలోచన దంతాల వైపు పోతుంది. ఆధారాన్ని వాక్యంగా కాక రెండు విడి మాటలుగా చూస్తే, చెయ్యి అనే అర్థమూ సర్కారు వసూలు చేసే పన్ను అనే అర్థమూ రెండూ ఉన్న రెండక్షరాల మాట ఏదన్న ప్రశ్న మిగులుతుంది. కరం. ఇక్కడ పదాన్ని కట్టే పద్ధతి అంటూ వేరే లేదు, రెండు ముక్కలూ అర్థాలే. శ్లేషాధారమంటే ఇదే.

దీంతో రెండో నిలువు పదంలో మూడో అక్షరం "క" అని తేలింది. ఆ ఆధారంలో "వెంట వస్తే" అన్నది కట్టే పద్ధతి. ఒక మాట వెనుక ఇంకో మాట చేర్చమని చెబుతోంది. స్వప్నం అంటే కల, లేఖిని అంటే కలం, రెండూ చేరిస్తే కలకలం. చివరి మాట "గోల" దానికి అర్థం. మూడో అక్షరం "క" సరిపోయింది కాబట్టి సందేహం లేదు. ఇప్పుడు నాలుగో అడ్డంలో చివరి అక్షరం "లం" అని తెలిసింది. నీటికి పర్యాయపదాలు మనకు కొల్లలుగా ఉన్నాయి. వారి, తోయం, నీరం, జలం అన్నీ రెండక్షరాలవే, ఉదకం, సలిలం మూడక్షరాలవి. "లం"తో ముగిసే రెండక్షరాల మాటగా జలం ఇట్టే తేలిపోతుంది. ఆ అక్షరం పడకముందు ఈ ఆధారాన్ని పట్టుకొని కూర్చోవడం వల్ల ప్రయోజనం లేదు, ఎవరిని అడిగినా వారూ ఊహించి చెప్పవలసిందే.

చివరగా ఒకటో అడ్డం. రెండో అక్షరం "క" అని ఇప్పటికే ఉంది. మొసలికి మూడక్షరాల మాట, నడుమ "క". గజేంద్రమోక్షం పద్యాలు నోటికి వచ్చినవారికి వెంటనే తట్టేది మకరి. మొసలి అన్న అర్థం సరిపోయింది, గడులు సరిపోయాయి, నడుమ అక్షరమూ సరిపోయింది, అయినా అది తప్పు. ఎందుకంటే ఆధారంలో మొదటి ముక్కను మనం ఇంకా వాడుకోలేదు. పూదేనె అంటే మకరందం, దాని తోక, అంటే చివరి అక్షరం "దం", తెంపితే మిగిలేది మకరం. మకరి రాసినవారికి మూడో గడి నుంచి దిగే నిలువు పదం ఎప్పటికీ కుదరదు, తప్పు ఎక్కడుందో తెలియక ఆ నిలువు పదానికి సాయం అడుగుతారు. గూఢ ఆధారంలో ప్రతి మాటకూ ఒక పని ఉంటుంది, ఒక్క మాట పనిలేకుండా మిగిలినా మన జవాబును అనుమానించాలి. ఆంగ్ల పజిళ్ళ ప్రపంచంలో అఫ్రిట్ అన్న మారుపేరుతో ప్రసిద్ధుడైన కూర్పరి 1949లో కూర్పరులకొక ధర్మం చెప్పాడు: పైకి కనిపించే అర్థమే తన ఉద్దేశం కావాలన్న నియమం కూర్పరికి లేదు, కానీ తన ఉద్దేశం మాత్రం ఆధారంలోని మాటల్లో ఉండితీరాలి. పూరించేవారికి దొరికే మొదటి సాయం ఈ ధర్మమే. ఆధారం మోసగిస్తుంది గాని అబద్ధమాడదు.

కట్టే పద్ధతిని సూచించే మాటలు కొన్ని పదేపదే వస్తుంటాయి. వెనుదిరిగి, తిరగబడి, అటునుంచి అంటే పదాన్ని చివరి నుంచి చదవాలి. నిలువు పదాల్లో ఇదే తలకిందులవుతుంది. చెదిరి, తికమకపడి, కలగలిసి అంటే అక్షరాల వరస మారుతుంది. లోపల, నడుమ, దాగి, దొరికే వంటి మాటలు వస్తే జవాబు ఆధారంలోని అక్షరాల్లోనే వరసగా ఉందేమో చూడాలి. తల పోవడం, తోక తెగడం, కాళ్ళు విరగడం, కడుపు ఖాళీ కావడం అన్నీ అక్షరలోపాలు. "చెదిరిన నవల కారణంగా (3)" అన్న ఆధారంలో నవలకూ కారణానికీ సంబంధమేమీ లేదు. న, వ, ల అక్షరాలు చెదిరితే "వలన" అవుతుంది, "కారణంగా" దానికి అర్థం. ఇవేవీ మనకు పరాయి విద్యలు కావు. మరా మరా అని జపించిన బోయవాడి నోట రామనామం పలికిందన్న వాల్మీకి కథ తెలిసిన పిల్లలకు వెనుదిరిగిన పదం గురించి కొత్తగా చెప్పవలసిన పనిలేదు. వికటకవి అన్న మాటను ఎటునుంచి చదివినా ఒకటేనని తెనాలి రామకృష్ణుడి పేరు చెప్పి మురిసిపోని తెలుగువారు అరుదు. అక్షరాన్ని తొలగించి అర్థాన్ని మార్చే అక్షరచ్యుతకం మన పూర్వుల చిత్రకవిత్వంలో ఎప్పటి నుంచో ఉంది.

ఇక అక్షరం సంగతికి వస్తే, తెలుగు పజిల్‌కీ ఆంగ్ల పజిల్‌కీ అసలు తేడా ఇక్కడే ఉంది. చాలామంది పట్టించుకోనిదీ, సాయం విషయంలో చాలా ముఖ్యమైనదీ కూడా ఇదే. ఆంగ్లంలో ఒక గడిలో పడగల అక్షరాలు 26. తెలుగులో గడికి ఒక గుణింతాక్షరమో సంయుక్తాక్షరమో పడుతుంది. ఒక్క గుణింతాలే నాలుగైదు వందలు. ఒత్తులు చేరితే లెక్క వేలల్లోకి పోతుంది. కాబట్టి నిలువు పదం నుంచి వచ్చిన ఒక్క అక్షరం మనకిచ్చే సాయం ఆంగ్ల అక్షరం ఇచ్చేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మొదటి గడిలో "త్ర్యం" పడిందంటే ఇంక ఊహించవలసింది ఎంతో లేదు. అమెరికా పజిళ్ళలో ప్రతి గడీ అడ్డంలోనూ నిలువులోనూ ఉంటుంది, బ్రిటిష్ గూఢ పజిళ్ళలో సుమారు సగం గడులకే ఆ ఖండన ఉంటుంది. తెలుగు పదాలు రెండు నుంచి ఐదక్షరాల మధ్య ఉండేవే ఎక్కువ కాబట్టి, ఒక్క ఖండనతోనే పదంలో ఐదో వంతు నుంచి సగం దాకా తెలిసిపోతుంది. అవధానంలో న్యస్తాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు ఫలానా పాదంలో ఫలానా స్థానాన ఫలానా అక్షరం ఉండాలని నియమం పెడతాడు. అది అవధానికి కట్టడి. ఇక్కడ అదే కట్టడి పూరించేవారికి దారి చూపిస్తుంది. అందువల్ల ఏదైనా పదం దగ్గర ఆగిపోతే, ఆ పదానికి సాయం అడగడం కన్నా దాన్ని ఖండించే పదాలకు సాయం తీసుకోవడం మంచిది. ఇది నేను అందరికీ మొదట చెప్పే మాట. ఖండించే పదాల్లో ఒకటి దాదాపు ఎప్పుడూ సులభమైనదే ఉంటుంది.

పదం తెలిసీ గడులు కుదరనప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. జలం రెండక్షరాలు, జలము మూడు. ఈ సున్నా-ము తేడా ఒక్కటే తెలుగు పజిళ్ళలో సగం తికమకలకు మూలం. పుస్తకం, పుస్తకము, పొత్తం, పొత్తము అన్నీ ఒక వస్తువే అయినా గడుల లెక్కలో వేరువేరు. ఆధారం బహువచనంలో ఉంటే జవాబూ బహువచనంలో ఉండాలి. ఆధారంలో "చేత", "కొరకు" వంటి అర్థం ఉంటే జవాబుకు విభక్తి చేరి ఉండవచ్చు. హ్రస్వదీర్ఘాల విషయంలో కూర్పరులందరూ ఒకేలా ఉండరు, కిటికి అని కొందరు, కిటికీ అని కొందరు రాస్తారు. ళకారానికి ళవత్తు ఇవ్వాలా లవత్తు ఇవ్వాలా అన్నది ఖండన గడిలో పెద్ద సమస్యే అవుతుంది. చివర పొల్లుతో ముగిసే పరభాషా పదాలకు ఆ పొల్లు విడి గడి తీసుకొంటుందా లేదా అన్నదీ అలవాటును బట్టే ఉంటుంది. ఒకే పత్రికలో ఒకే కూర్పరి పజిళ్ళను కొన్నాళ్ళు వరసగా పూరిస్తే ఈ అలవాట్లు తెలిసిపోతాయి. అప్పటివరకు, ఇదే శీర్షికను చాలాకాలంగా పూరిస్తున్నవారిని "ఈయన సున్నా వాడతాడా, ము వాడతాడా?" అని అడగడం చాలా విలువైన ప్రశ్న. ఒక్క జవాబు అడిగితే ఒక్క పదం నిండుతుంది, ఈ ప్రశ్న అడిగితే రోజూ పనికొస్తుంది.

తెలియని మాట దగ్గర ఆగినప్పుడు నిఘంటువును ఆశ్రయించడంలో సంకోచం అక్కరలేదు. అయితే నిఘంటువు అకారాది క్రమంలో ఉంటుంది కాబట్టి మొదటి అక్షరం తెలిసినప్పుడే అది బాగా అక్కరకొస్తుంది. శబ్దరత్నాకరంలోనో బ్రౌన్ నిఘంటువులోనో "మక" దగ్గర తెరిస్తే మకరము, మకరందము దగ్గరదగ్గరలోనే కనిపిస్తాయి. అర్థం తెలిసి పదం తెలియనప్పుడు కావలసింది పర్యాయపద కోశం. ఆ పని మన పెద్దలు పద్యాల్లోనే చేసిపెట్టారు. సంస్కృతానికి అమరకోశం, తెలుగు మాటలకు పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం ఈ కోవలోవి. ఒక అర్థానికి ఉన్న పేర్లన్నీ ఒకచోట కూర్చిన ఈ గ్రంథాలను ఒకప్పుడు పిల్లల చేత వల్లె వేయించేవారు. నీటికి, నిప్పుకి, ఏనుగుకి, తామరకి, పాముకి ఉన్న పర్యాయపదాలు నోటికి వస్తే తెలుగు గడినుడిలో చిన్న పదాలు చాలావరకు తేలిపోతాయి. పుస్తకాలు దగ్గర లేనివారికి ఆంధ్రభారతి వారి అంతర్జాల నిఘంటువు పెద్ద ఆసరా. ఎన్నో నిఘంటువుల్లోని అర్థాలు ఒక్క వెతుకులాటతో కనిపిస్తాయి. హైదరాబాదులోనే కాదు, డాలస్‌లోనో సిడ్నీలోనో ఉండి తెలుగు పజిళ్ళు పూరించేవారికి ఇలాంటి చోటు లేకపోతే చాలా కష్టమయ్యేది.

యంత్రాల సాయం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఆశలూ ఎక్కువే, పొరపాట్లూ ఎక్కువే. ఆంగ్ల పజిల్ పూరించేవారికి తెలిసిన అక్షరాలు కొట్టి, తెలియనివాటికి ప్రశ్నార్థకం పెడితే సరిపోయే పదాలన్నీ చూపించే సాధనాలు అనేకం ఉన్నాయి. తెలుగుకు అవి నేరుగా పనికిరావు, దానికి కారణం కంప్యూటర్ తెలుగును దాచుకొనే తీరులో ఉంది. యూనికోడ్‌లో హల్లుకు ఒక సంకేతం, గుణింతపు గుర్తుకు ఒకటి, పొల్లుకు ఒకటి, సున్నాకు ఒకటి విడివిడిగా ఉంటాయి. మకరం మనకు మూడక్షరాలు, యంత్రానికి నాలుగు సంకేతాలు. త్ర్యంబకం మనకు మూడు గడులు, యంత్రం లెక్కలో తొమ్మిది. ఒక్క "త్ర్యం" అన్న గడిలోనే ఆరు సంకేతాలున్నాయి. అక్షరాల విభజన తెలియని సాధనానికి మకరం ఇచ్చి వెనక్కి తిప్పమంటే "రంకమ" రావలసిన చోట సున్నా ముందుకొచ్చి, ఏ తెలుగువారూ చదవలేని వరస వస్తుంది. సంకేతాలను అక్షరాలుగా కూర్చి లెక్కపెట్టేలా ప్రత్యేకంగా రాసిన ప్రోగ్రాములే తెలుగుకు పనికొస్తాయి. అలాంటిదొకటి చేతికి అందితే, పదాల పట్టికను అక్షరసంఖ్యను బట్టి వడపోయడం కష్టమైన పనేమీ కాదు.

కృత్రిమ మేధతో నడిచే సంభాషణ యంత్రాలను అడిగేవారు ఈమధ్య బాగా పెరిగారు. అవి వాక్యాన్ని అక్షరాలుగా చదవవు, తమకు అనువైన చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టుకొని చదువుతాయి. ఆ ముక్కలు తెలుగు అక్షరంతో సరిపోలాలన్న నియమం లేదు. అందువల్ల "చివర లం వచ్చే మూడక్షరాల మాట చెప్పు" అంటే నాలుగక్షరాల మాటను ఏ తడబాటూ లేకుండా చెప్పడం, చెదిరిన అక్షరాలను కూర్చమంటే లేని అక్షరాన్ని చేర్చడం తరచుగా జరుగుతుంది. అలాగని వాటిని పూర్తిగా పక్కన పెట్టనక్కరలేదు. ఒక పాతమాటకు అర్థం వివరించమనడానికి, ఒక పురాణపాత్ర బంధువర్గాన్ని చెప్పమనడానికి, ఒక ఆధారంలో శ్లేషకు అవకాశమున్న మాటలేవో ఎత్తిచూపమనడానికి అవి పనికొస్తాయి. ఆ చెప్పినదాన్ని కూడా నిఘంటువులో సరిచూసుకోవాలి. అక్షరాలు లెక్కపెట్టే పని మాత్రం వేళ్ళ మీద మనమే చేసుకోవాలి.

తెలుగు పజిళ్ళలో ఎవరూ, ఏ యంత్రమూ పూర్తిగా సాయం చేయలేని ఒక ఆధారం ఉంది. ఆంగ్ల సంప్రదాయంలో అక్షరాలు చెదరడం ఆధారంలో జరుగుతుంది గాని గడుల్లో పడేది మాత్రం నిఘంటువులో ఉన్న పదమే. తెలుగు కూర్పరులు కొన్నిసార్లు చెదిరిన రూపాన్నే గడుల్లో రాయిస్తారు. "తడబడిన కోడలు (3)" అంటే కోడలు అన్న మాటకు అర్థం వెతకవలసిన పనిలేదు, ఆ మూడక్షరాలనే వరస మార్చి రాయాలి. దీన్ని లోపంగా భావించి విసుక్కొనేవారున్నారు. నా దృష్టిలో ఇది లోపం కాదు, వేల అక్షరాల భాషలో అడ్డమూ నిలువూ కలపవలసి వచ్చిన కూర్పరికి తప్పనిసరైన వెసులుబాటు. కలిసే అక్షరం కోసం పదాన్ని తిప్పుకోక తప్పదు. అయితే పూరించేవారికి దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. కో, డ, లు అన్న మూడక్షరాలకు ఆరు వరసలున్నాయి, అసలు వరస తీసేస్తే ఐదు. మొదటి గడిలో "కో" ఉందని ఖండన వల్ల తెలిస్తే కోలుడ ఒక్కటే మిగులుతుంది. "డ" ఉందని తెలిస్తే డకోలు, డలుకో రెండూ మిగులుతాయి, ఇంకో ఖండన పడేదాకా తేలదు. కాబట్టి ఇటువంటి ఆధారానికి "కోడలే" అన్నంత వరకే ఎవరైనా సాయం చేయగలరు, వరస తేల్చవలసింది నిలువు పదాలు. మొదట్లో ఈ గడులను పెన్సిలుతో కూడా నింపకుండా అక్షరాలను పక్కన రాసి పెట్టుకోవడం మంచిది.

మనుషుల నుంచి పొందే సాయంలో ఒక క్రమం పాటిస్తే ఆట చెడదు. మొదట, ఆధారంలో అర్థం ఏ ముక్కలో ఉందో చెప్పమనాలి. "తోక తెగిన పూదేనెలో మొసలి" దగ్గర ఆగినవారికి "అర్థం మొసలి" అన్న ఒక్క సూచన చాలాసార్లు సరిపోతుంది. అప్పటికీ తోచకపోతే కట్టే పద్ధతి ఏమిటో అడగాలి, అక్షరం పోయిందా, తిరగబడిందా, చెదిరిందా, దాగిందా అని. ఆ తర్వాత ఒక అక్షరం అడగవచ్చు, అదీ ఖండనలో పడే అక్షరమైతే రెండు పదాలకు ఉపయోగపడుతుంది. జవాబు అడగడం అన్నిటికన్నా చివరన. సాయం చేసేవారు కూడా ఈ మెట్లను గౌరవించాలని గట్టిగా చెప్పాలనిపిస్తుంది. తెలిసిన మాటను వెంటనే బయటపెట్టేయాలన్న ఉత్సాహం అందరికీ ఉంటుంది, కానీ అడిగినవారి చేతిలోని ఆనందాన్ని లాగేసుకొనే హక్కు మనకు లేదు. ఇంట్లో పెద్దవారికి పర్యాయపదాలు, పురాణాలు, పాత సామెతలు తెలుస్తాయి, పిల్లలకు ఆటగాళ్ళ పేర్లు, సినిమాలు, కొత్త మాటలు తెలుస్తాయి. ఆధారం ఏ తరానికి చెందినదో గ్రహించి ఆ తరంవారిని అడగడం కూడా ఒక నేర్పే. బహుమతి పజిళ్ళ విషయంలో మాత్రం గడువు తేదీ దాటేవరకు జవాబులను నలుగురిలో చర్చించకపోవడం మర్యాద.

మర్నాడు పత్రికలో వచ్చే నింపిన గళ్ళను చాలామంది తమ తప్పులు దిద్దుకోవడానికి ఒక్క చూపు చూసి వదిలేస్తారు. ఆ గళ్ళలో జవాబులుంటాయి గాని వివరణలుండవు. ఆ వివరణను మనమే తయారుచేసుకోవడం అన్నిటికన్నా మంచి సాధన. నిన్న పూరించలేని ఆధారం "విజయనగరంలో దొరికే ఆభరణం (2)" అనుకొందాం, నేటి జవాబు "నగ" అని ఉంది. ఆభరణమంటే నగ కాబట్టి సరేనని సరిపెట్టుకోకుండా, ఆధారంలోని మిగతా మాటలు ఏం చేస్తున్నాయని అడగాలి. రాయలవారి కాలంలో వీధుల్లో రత్నాలు రాశులు పోసి అమ్మారన్న ప్రతీతిని గుర్తుచేసి మనల్ని చరిత్ర వైపు పంపించడం పైకి కనిపించే పని. వి, జ, య, న, గ, రం అని అక్షరాలు విడగొడితే నడుమ న, గ పక్కపక్కనే ఉన్నాయి, "దొరికే" అన్న మాట వాటిని చూపించడానికే వచ్చింది. ఇది పట్టుబడినవారు ఇకమీదట ఏ ఆధారంలోనైనా ఊరి పేరు పక్కన "దొరికే", "కనిపించే", "దాగిన" వంటి మాట చూస్తే, ఆ ఊరి చరిత్ర జోలికి పోకుండా ముందు దాని అక్షరాలను విడగొట్టి చూస్తారు.